నీళ్లున్నా చేప ఎందుకు నిలవదు? మక్తల్ కృష్ణా తీరం, చెరువులు చెబుతున్న అసలు సంగతి ఇదే!

జూరాల డ్యామ్ చూడటానికి వెళ్లినవాళ్లు అక్కడి చేపల ఫ్రై రుచి చూడకుండా వెనక్కి రావడం తక్కువే. వర్షాకాలంలో గేట్లు ఎత్తారంటే చాలు, ఆదివారం అక్కడ జాతరే. కానీ ప్లేటులోకి వచ్చిన చేప ఎలాంటి నీళ్లలో పెరిగింది? నదిలోనా, రిజర్వాయర్‌లోనా, ఊరి చెరువులోనా? చాలామందికి ఈ డౌటే రాదు. చేపకు మాత్రం అదే అసలు ప్రశ్న. ఎందుకంటే నీళ్లన్నీ మనకు ఒకేలా కనిపించినా చేపకు ఒకటి కావు.

ఏటా ప్రభుత్వం చెరువుల్లో చేప పిల్లలను వదులుతోంది. కొన్నిచోట్ల పంట బాగా వస్తోంది, కొన్నిచోట్ల వల వేస్తే చెయ్యి ఖాళీ. దీనికి కారణం పిల్లల సంఖ్య ఒక్కటే కాదు, వాటిని వదిలిన చోటు కూడా. చేపను కాపాడాలంటే ముందు దాని ఇల్లు కాపాడాలి. నారాయణపేట జిల్లా మక్తల్ చుట్టుపక్కల చూస్తే ఈ విషయం ఇట్టే అర్థమవుతుంది.

ఒకే ప్రాంతం.. మూడు రకాల నీళ్లు

మహారాష్ట్రలోని మహాబలేశ్వర్ దగ్గర పుట్టిన కృష్ణా నది కర్ణాటక దాటి తెలంగాణలోకి అడుగుపెట్టేది ఇక్కడే. కృష్ణ మండలం తంగిడి దగ్గర భీమా నది వచ్చి కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుంచి నది మక్తల్ వైపు, అవతల రాయచూర్ జిల్లా వైపు గట్లను ఒరుసుకుంటూ బండరాళ్ల మధ్య సాగుతుంది. మధ్యలో లంకలు కూడా ఉన్నాయి. మక్తల్ మండలం పంచదేవ్‌పాడు వైపు నుంచి భక్తులు నది దాటి వెళ్లే కురుమగడ్డ (కురువపురం) అలాంటి లంకే.

ఇక రెండోది నిలబెట్టిన నీళ్లు. దిగువన ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు ఉంది. పూర్తిస్థాయి నీటిమట్టం 318.516 మీటర్లు, నిల్వ సామర్థ్యం 9.657 టీఎంసీలు. దాని వెనుక జలాల నుంచే భీమా ఎత్తిపోతల పథకం మోటార్లు నీళ్లు తోడతాయి. ఆ నీళ్లతో నిండేవే సంగంబండ, భూత్పూర్ రిజర్వాయర్లు. సంగంబండ సామర్థ్యం సుమారు 3.3 టీఎంసీలు, భూత్పూర్‌ది సుమారు 1.3 టీఎంసీలు.

మూడోది ఊరి చెరువులు, కుంటలు. వానొస్తే నిండుతాయి, ఎండాకాలానికి అడుగంటుతాయి. పాలమూరు కరువు ఎరిగినవాళ్లకు ఈ చెరువుల సంగతి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

పారే నది, లోతైన రిజర్వాయర్, ఎండిపోయే చెరువు.. ఈ మూడూ కొన్ని కిలోమీటర్ల తేడాలోనే ఉన్నాయి. కానీ ఒకచోట హాయిగా బతికే చేప ఇంకోచోట సంతానమే పెంచుకోలేకపోవచ్చు.

కొర్రమీనుకు బురద, గడ్డి ఎందుకంత ఇష్టం?

ముందు అందరికీ తెలిసిన చేపతో మొదలుపెడదాం. కొర్రమీను.. మన పల్లెల్లో కొర్రమట్ట అని కూడా అంటారు. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే.

చాలా చేపలు మొప్పలతో నీటిలోని ఆక్సిజన్ మాత్రమే తీసుకుంటాయి. కొర్రమీనుకు తలలో మొప్పల పైన ఒక ప్రత్యేకమైన అర ఉంటుంది. దాని సాయంతో నేరుగా గాలి పీల్చుకుంటుంది. అందుకే మధ్యమధ్యలో నీటిపైకి వచ్చి నోరు తెరిచి వెళ్తుంది. వేసవిలో చెరువు ఎండి మిగతా చేపలు తేలిపోయినా ఇది తడి బురదలోకి దూరి కొంతకాలం ప్రాణం నిలుపుకోగలదు. బయటకు తీసినా చాలాసేపు బతికే ఉంటుంది. మార్కెట్లో దీన్ని బతికి ఉండగానే అమ్మగలగడం, మంచి రేటు రావడం వెనుక ఉన్న రహస్యం ఇదే.

అంటే ఎండిపోయే చెరువు కోసమే తయారైన చేప అన్నమాట. కానీ దీనికీ ఒక షరతు ఉంది. గుడ్లు పెట్టడానికి చెరువు అంచున లోతు తక్కువగా ఉన్న చోటు, అక్కడ తుంగ, జమ్ము, నీటి గడ్డి కావాలి. ఆ గడ్డి మధ్య చోటు చేసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటిపై తేలుతాయి. పిల్లలు బయటకు వచ్చాక ఎర్రటి గుంపుగా తిరుగుతుంటే తల్లిదండ్రులు కింద నుంచి కాపలా కాస్తాయి. చేపల్లో ఇలా పిల్లలను సాకేవి తక్కువే.

ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. ఎర్రటి పిల్లల గుంపు కనబడితే కింద పెద్ద చేప ఉందని చేపలు పట్టేవాళ్లకు తెలుసు. అక్కడే గాలం వేస్తారు. తల్లి చేప దొరుకుతుంది, కాపలా లేని పిల్లలను పక్కనున్న చేపలు, పక్షులు నిమిషాల్లో తినేస్తాయి. ఒక్క చేప కోసం ఒక తరమే పోతుంది.

పూడిక తీస్తే మంచిదే.. కానీ!

2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. పూడిక తీస్తే నీళ్లు ఎక్కువ నిలుస్తాయి, ఒండ్రుమట్టి పొలాలకు పనికొస్తుంది. నీళ్లు ఎక్కువ రోజులు ఉంటే చేపకూ లాభమే.

అయితే పూడిక తీసే పద్ధతిలో తేడా వస్తే లెక్క మారుతుంది. చెరువును అంచుల దాకా గోడలాగా నిటారుగా తవ్వేస్తే కొర్రమీను గుడ్లు పెట్టే పల్లపు అంచు మాయమవుతుంది. శిఖం భూమి కబ్జా అయినా అదే జరుగుతుంది. మనకు ఖాళీ జాగాలా కనిపించే ఆ శిఖం, నీళ్లు నిండినప్పుడు చేపలకు ప్రసూతి వార్డు.

అలాగని గడ్డి మొత్తం అలాగే వదిలేయాలనీ కాదు. గుర్రపుడెక్క చెరువంతా పరుచుకుంటే వెలుతురు లోపలికి పోదు, గాలి ఆడదు. నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే అదే సంకేతం. రాత్రంతా మొక్కలు, నాచు కూడా ఆక్సిజన్ వాడుకోవడంతో తెల్లారేసరికి కొరత వస్తుంది. అందుకే అంచున కొంత గడ్డి ఉండాలి, నడుమ నీళ్లు తేటగా ఉండాలి.

బొచ్చె, రవ్వ పెరుగుతాయి.. పిల్లలు మాత్రం కావు

ఇప్పుడు మనం ఎక్కువగా తినే బొచ్చె (కట్ల), రవ్వ (రోహు), మృగాల సంగతి చూద్దాం. ఈ మూడింటినీ ఒకే చెరువులో కలిపి పెంచుతారు. దానికి కారణం కూడా చోటే. బొచ్చె పైపొరలో మేత తింటుంది, రవ్వ నడుమ తిరుగుతుంది, మృగాల అడుగున మేస్తుంది. ఒకే ఇంట్లో మూడు అంతస్తుల్లో మూడు కుటుంబాలు ఉన్నట్టు.. ఒకదాని కంచంలో ఇంకోటి చెయ్యి పెట్టదు.

కానీ చెరువులో ఇవి ఎంత బలిసినా పిల్లలు కావు. ఎందుకంటే ఇవి నది చేపలు. వానాకాలం కొత్త నీళ్లు రావాలి, ప్రవాహం ఉండాలి, గట్టు దాటి పరుచుకున్న వరద నీళ్లు ఉండాలి. అప్పుడే గుడ్లు పెడతాయి. కిలో బరువున్న రవ్వ లక్షకు పైగా గుడ్లు పెట్టగలదు. కానీ కదలని నీళ్లలో ఉంటే ఆ గుడ్లు కడుపులోనే ఉండిపోతాయి.

ఈ చిక్కు విప్పింది మన దేశ శాస్త్రవేత్తలే. 1957 జూలై 10న ఒడిశాలోని కటక్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలీకున్హి బృందం పిట్యూటరీ గ్రంథి సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి ఈ చేపలతో గుడ్లు పెట్టించింది. ఏటా జూలై 10న జాతీయ మత్స్య రైతుల దినోత్సవం చేసుకునేది అందుకే. ఈరోజు హేచరీల నుంచి లారీల్లో చేప పిల్లలు వస్తున్నాయంటే మూలం ఆ ప్రయోగమే.

అంటే హేచరీ చేసిన పని ఏంటి? నది ఇచ్చే వరద సంకేతాన్ని సూదితో ఇవ్వడం. చెరువుకు ఇది వరం. కానీ నదికి ఇది ప్రత్యామ్నాయం కాదు. నదిలో వందల రకాల చేపలుంటే హేచరీలు పెంచేది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. మిగతావాటికి నదే హేచరీ.

ఎంత సైజు పిల్లను ఎక్కడ వదలాలి?

తెలంగాణ వచ్చాక మొదలైన ఉచిత చేప పిల్లల పథకంలో కూడా చోటును బట్టే లెక్క పెట్టారు. ఏడాదిలో కొన్ని నెలలే నీళ్లుండే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఎప్పుడూ నీళ్లుండే పెద్ద రిజర్వాయర్లకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు.

ఎందుకీ తేడా? ఎండి మళ్లీ నిండిన చెరువులో పెద్ద వేట చేపలు తక్కువ. చిన్న పిల్ల కూడా బతికి బట్టకడుతుంది. సంగంబండ లాంటి రిజర్వాయర్ ఎండదు. అందులో వాలుగ, జెల్ల లాంటి వేట చేపలు పెద్దవై కాచుకుని ఉంటాయి. వేలెడంత కూడా లేని పిల్లను అక్కడ వదిలితే వాటికి పిలిచి విందు పెట్టినట్టే.

టైమ్ కూడా అంతే ముఖ్యం. నీళ్లు ఏడెనిమిది నెలలే ఉండే చెరువులో పిల్లలను ఆలస్యంగా వదిలితే అవి ఎదిగేలోపే ఎండాకాలం వచ్చేస్తుంది. అరకిలో కూడా కాని చేపను తెగనమ్ముకోవాల్సిందే. నష్టం నేరుగా మత్స్య సహకార సంఘంలోని ముదిరాజ్, బెస్త, గంగపుత్ర కుటుంబాల మీద పడుతుంది.

నది చేపకు కావాల్సింది బండ, ఇసుక, మడుగు

ఇక కృష్ణలోకి వెళ్దాం. నదంతా ఒకటే అనుకుంటాం కానీ లోపల చాలా గదులున్నాయి. బండల మీద నీళ్లు దూకే చోట ఆక్సిజన్ ఎక్కువ. రాళ్లకు పట్టిన నాచును గీకి తినే చేపలకు అదే మేత. రాళ్ల సందుల్లో బొమ్మిడాయి లాంటివి దాక్కుంటాయి. ఇసుక, గులకరాళ్ల మీద గుడ్లు పెట్టేవి కొన్ని. పాయలు చీలి నెమ్మదించే చోట పరకలు, చిన్న చేపలు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది మడుగు. వేసవిలో ప్రవాహం సన్నగిల్లి నది బండలు తేలినప్పుడు అక్కడక్కడా లోతైన మడుగుల్లోనే నీళ్లు మిగులుతాయి. చుట్టుపక్కల చేపలన్నీ అక్కడికే చేరతాయి. వచ్చే వానాకాలం నదిని మళ్లీ నింపాల్సిన విత్తనం అదే. ఆ మడుగులో మందు కలిపినా, తోటాలు పేల్చినా, కరెంటు వైరు వేసినా పోయేది ఆ రోజు దొరికిన చేపలే కాదు.. వచ్చే ఏడాది చేపలు కూడా.

ఇసుక తోడకం కూడా ఇలాంటిదే. ఇసుక పోతే అందులో గుడ్లు పెట్టే చోటు, పురుగు, మేత అన్నీ పోతాయి. నీళ్లు అలాగే కనిపిస్తాయి కానీ అడుగు మారిపోయి ఉంటుంది.

అలుగు పారితే చేపకు పండగ.. మనకూ పండగే, చిక్కు అక్కడే

మొదటి పెద్ద వానకు వాగులు పొంగి చెరువులు అలుగు పారగానే ఊరంతా కట్ట మీదే ఉంటుంది. చేపలు నీటికి ఎదురెక్కుతాయి. వలలు, బుట్టలు, దోమతెరలు, చివరికి చీరలతో కూడా పట్టేస్తారు. ఆ వీడియోలు ఫోన్లలో తెగ తిరుగుతాయి.

ఆ చేపలు ఎందుకు ఎదురెక్కుతున్నాయి? గుడ్లు పెట్టడానికి. ఎగువన కొత్తగా మునిగిన గడ్డి నేలలు, వాగు పాయలు వాటి లక్ష్యం. అంటే కడుపు నిండా గుడ్లతో ఉన్నప్పుడే దారిలో పట్టేస్తున్నాం. సముద్రంలో దీనికి రూల్ ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. వాగులు, అలుగుల దగ్గర చేపకు కావాల్సింది అన్ని రోజులు కూడా కాదు. కొత్త నీళ్లు వచ్చిన కొద్ది రోజులు దారి వదిలితే చాలు.

మనుషులు వదిలినా గోడలు వదలవు. వాగుకు అడ్డంగా కట్టిన ప్రతి చెక్ డ్యామ్, నదికి అడ్డంగా ఉన్న ప్రతి ఆనకట్ట చేప దారిలో ఒక గేటు. కృష్ణపై ఎగువన ఆల్మట్టి, నారాయణపూర్ ఉన్నాయి. భీమాపై మహారాష్ట్రలో ఉజని ఉంది. అవి నిండాకే జూరాలకు పెద్ద వరద వస్తుంది. వాన పడుతున్నా నదిలో కొత్త నీళ్లు ఆలస్యం కావచ్చు. గుడ్లు సిద్ధం చేసుకున్న చేపకు ఈ ఆలస్యం చిన్నది కాదు.

గోదావరి పులస కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. సముద్రం నుంచి వరదకు ఎదురీది వచ్చే ఆ చేప ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోతుంది. పులస రేటు వేలల్లో పలుకుతుందంటే రుచి ఒక్కటే కారణం కాదు, దారి మూసుకుపోవడం కూడా.

మంచి ఉద్దేశంతో వదిలినా ముప్పే.. కావేరి నేర్పిన పాఠం

చేపలు తగ్గాయి కదా, తెచ్చి వదిలేద్దాం అంటే సరిపోతుందా? ఈ ప్రశ్నకు జవాబు కృష్ణా పరీవాహకంలోనే పుట్టిన ఒక చేప దగ్గర ఉంది.

1839లో కల్నల్ సైక్స్ అనే బ్రిటిష్ అధికారి పుణె దగ్గరి నదిలో దొరికిన ఒక పెద్ద పొలుసుల చేపను శాస్త్ర ప్రపంచానికి పరిచయం చేశాడు. అదే దక్కన్ మహసీర్, శాస్త్రీయ నామం టోర్ ఖుద్రీ. పుణె ములా-ముఠా నీళ్లు భీమాలో కలుస్తాయి, భీమా వచ్చి తంగిడి దగ్గర కృష్ణలో కలుస్తుంది. తేటగా పారే నీళ్లు, రాతి అడుగు దీనికి ఇష్టం.

1970ల నుంచి మహారాష్ట్రలోని లోనావాలా హేచరీలో ఈ చేపను పెంచి పలు నదుల్లో వదిలారు. అందులో కావేరి ఒకటి. కావేరికి అప్పటికే సొంత మహసీర్ ఉంది. మూపురం ఉండే ఆ చేప కావేరి పరీవాహకంలో తప్ప ఇంకెక్కడా లేదు. బయటి నుంచి వచ్చిన మహసీర్ పెరిగింది, సొంత మహసీర్ తరిగింది. 2018లో ఐయూసీఎన్ ఆ మూపురం మహసీర్‌ను అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది. మంచి పనే అనుకుని చేసింది, ఇంకో జాతి ప్రాణం మీదకు వచ్చింది. ఒక నది చేపను ఇంకో నదిలో వదిలేముందు ఎందుకు ఆలోచించాలో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఇంకో బెడద ఉంది. ఆఫ్రికన్ క్యాట్ ఫిష్ పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. ఏది దొరికితే అది తినే ఈ చేప తప్పించుకుని వాగుల్లో పడితే స్థానిక చేపలకు కష్టమే. అక్వేరియం గాజు తొట్టె నుంచి బయటపడ్డ దక్షిణ అమెరికా సక్కర్ చేప ఇంకోటి. జనం దెయ్యం చేప అంటున్నది దీన్నే. ముళ్లతో వలలు చింపుతుంది, గట్లలో బొరియలు చేస్తుంది, తినేవాళ్లు లేరు. ఇవి ఎక్కువగా నిలదొక్కుకునేది పాడైన నీళ్లలోనే. మురుగు చేరి ఆక్సిజన్ తగ్గిన చోట సొంత చేపలు చస్తాయి, ఇవి బతుకుతాయి. మళ్లీ విషయం చోటు దగ్గరికే వచ్చింది.

శృంగేరి మడుగు ఏం చెబుతోంది?

మరి చోటును కాపాడితే ఫలితం ఉంటుందా? కృష్ణా పరీవాహకంలోనే సాక్ష్యం ఉంది. కర్ణాటకలోని శృంగేరి ఆలయం ముందు తుంగా నదిలో మోచేతి పొడవు చేపలు గుంపులుగా మనుషుల చేతి దగ్గరికి వస్తాయి. అదే నదిపై తీర్థహళ్లి దగ్గర చిప్పలగుడ్డె మత్స్యధామ కూడా ఇలాంటిదే. అక్కడ చేపలు పట్టరు, మడుగు పాడుచేయరు. ఆ తుంగ నీళ్లే తుంగభద్రగా మారి ఆలంపూర్ ప్రాంతంలో కృష్ణలో కలుస్తాయి.

అక్కడ ఎవరూ నది మొత్తానికి తాళం వేయలేదు. కొద్దిపాటి చోటును మాత్రం వదిలేశారు. పైన, కింద జనం చేపలు పడుతూనే ఉన్నారు. బ్యాంకులో అసలు ముట్టుకోకుండా వడ్డీ వాడుకోవడం అంటే ఇదే.

మక్తల్‌లో ఏం చేయొచ్చు?

2025 జూన్‌లో మంత్రి అయిన మక్తల్ ఎమ్మెల్యే వాకిటి శ్రీహరికే మత్స్యశాఖ దక్కింది. దాంతో ఈ ప్రాంత మత్స్యకారుల్లో ఆశలు పెరగడం సహజం. పిల్లల పంపిణీతో పాటు చోటు మీద కూడా దృష్టి పెడితే పెద్ద ఖర్చు లేకుండానే చేయగలిగినవి చాలానే ఉన్నాయి.

* వేసవిలో నీళ్లు నిలిచే మడుగులను గ్రామాల వారీగా గుర్తించి, ఒకటి రెండింటిని వేట లేకుండా వదలడం. ఏ మడుగు ఎండదో పుట్టి వేసే మత్స్యకారుడికి తెలిసినంతగా మ్యాపులకు తెలియదు.
* కొత్త నీళ్లు వచ్చిన మొదటి రోజుల్లో అలుగుల దగ్గర, వాగుల్లో వేట ఆపడం. దోమతెర వలలు పూర్తిగా మానేయడం.
* పూడిక తీసేటప్పుడు ఒక వైపు అంచును పల్లంగా, గడ్డితో వదలడం. నడుమ ఒక లోతైన గుంత ఉంచడం. ఎండాకాలంలో అదే చేపకు దిక్కు.
* కొర్రమీను ఎర్రపిల్లల గుంపు కనబడితే అక్కడ గాలం వేయకపోవడం.
* ఎండిపోయే చెరువులకు పిల్లలను వానలు పడగానే ఇవ్వడం, రిజర్వాయర్లకు పెద్ద సైజువే ఇవ్వడం.
* ఇంట్లో పెంచలేని అక్వేరియం చేపను చెరువులో, కాలువలో వదలకపోవడం. అది పుణ్యం కాదు.

ఇందులో కొన్ని ప్రభుత్వం చేయాలి, కొన్ని సంఘాలు చేయాలి, కొన్ని మాత్రం అలుగు దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడ్డ ఎవరైనా చేయొచ్చు.

వచ్చే వానాకాలం మక్తల్ చుట్టుపక్కల చెరువు అలుగు పారినప్పుడు నీటికి ఎదురు దూకే చేపను మీరూ చూస్తారు. దాని కడుపులో వేల గుడ్లుంటాయి. అది వెతుక్కుంటున్నది పైన ఉన్న నాలుగు జానల లోతు నీళ్లు, కాస్త గడ్డి. ఆ చోటు అక్కడ ఇంకా ఉందా లేదా అన్నదాన్ని బట్టే ఆ చెరువులో రేపు చేప ఉంటుంది.